చీరల ఫొటోలు యాక్సెస్‌లో ఎక్కడ పెట్టాలి, ఎలా చూపించాలి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదండీ. మంగళగిరిలో చేనేత చీరల దుకాణం. స్టాక్ కోసం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2016లో మీరే ఒక డేటాబేస్ తయారు చేసుకున్నారు. చీర నంబరు, నేసినవారి పేరు, రంగు, అంచు, ధర, అన్నీ సరిగ్గానే నడుస్తున్నాయి. ఫొటో కోసం ఓఎల్ఈ ఆబ్జెక్ట్ ఫీల్డు (వేరే ప్రోగ్రామ్ ఫైలుని డేటాబేస్ లోపలే పొదిగే పాత రకం) పెట్టారు. ఫొటోని పెయింట్‌లో తెరిచి కాపీ చేసి అతికిస్తే ఫామ్‌లో కనిపిస్తోంది, కానీ యాభై చీరలు దాటాయో లేదో ఫైలు 2 జీబీకి చేరి ఇక ఏ మార్పూ తీసుకోవడం లేదు. రెండో కంప్యూటర్లో ఇన్సర్ట్ ఆబ్జెక్ట్ ద్వారా పెడితే ఫొటో బదులు ‘ప్యాకేజ్’ అని ఒక గుర్తు మాత్రం వస్తోంది. ఇలా ఎందుకవుతోంది, అటాచ్‌మెంట్ ఫీల్డుకి మారితే సరిపోతుందా, ఒక్కో చీరకి నాలుగైదు ఫొటోలు పెట్టి కేటలాగ్ ప్రింట్ తీయడం ఎలా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఫొటోలు ఫోల్డర్‌లో ఉండాలి, డేటాబేస్‌లో వాటి పేర్లు మాత్రమే ఉండాలి. మీ దుకాణంలో చీరలు ర్యాకుల్లో ఉంటాయి, స్టాక్ పుస్తకంలో వాటి నంబర్లు ఉంటాయి. ఇదీ అంతే. కాకపోతే ఈ పద్ధతి నిలబడేదీ కూలిపోయేదీ ఫైళ్లకి పేర్లు పెట్టడంలోని క్రమశిక్షణ మీదే. అందుకే కోడ్ కంటే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఫైలు ఎందుకు అంత ఉబ్బిందో లెక్క వేసి చూద్దాం. మీ ఫోన్ 12 మెగాపిక్సెళ్లదని రాశారు. అంటే ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు. జేపీజీ రూపంలో అది 3, 4 ఎంబీలే ఉంటుంది, ఎందుకంటే జేపీజీ కుదించిన రూపం. పెయింట్ నుంచి అతికించినప్పుడు యాక్సెస్ దాన్ని బిట్‌మ్యాప్‌గా దాచుకుంటుంది. బిట్‌మ్యాప్‌లో కుదింపు ఏమీ ఉండదు. ఒక్కో పిక్సెల్‌కి 3 బైట్లు చొప్పున 4000 ఇంటూ 3000 ఇంటూ 3, మొత్తం 3.6 కోట్ల బైట్లు. ఒక్క ఫొటోకి దాదాపు 36 ఎంబీ. యాక్సెస్ ఫైలు గరిష్ఠ పరిమాణం 2 జీబీ. అందులో 60 ఫొటోలు కూడా పట్టవు. మీకు సరిగ్గా జరిగింది అదే. డేటాబేస్ పాడైపోలేదు, నిండిపోయింది.

‘ప్యాకేజ్’ సంగతి వేరు. ఓఎల్ఈ పద్ధతిలో ఫొటోని చూపించే పని యాక్సెస్‌ది కాదు. ఆ రకం ఫైలుకి ఓఎల్ఈ సర్వర్‌గా పనిచేసే ప్రోగ్రామ్ ఏదో ఒకటి ఆ కంప్యూటర్లో ఉండాలి. ఆఫీస్ 97, 2000, ఎక్స్‌పీ రోజుల్లో మైక్రోసాఫ్ట్ ఫొటో ఎడిటర్ అనే ప్రోగ్రామ్ జేపీజీలకి ఆ పని చేసేది. ఆఫీస్ 2003లో దాన్ని తీసేసి పిక్చర్ మేనేజర్ ఇచ్చారు, అది ఓఎల్ఈ సర్వర్ కాదు. చూపించే ప్రోగ్రామ్ లేకపోతే విండోస్ ఫైలుని ఒక పొట్లంలా కట్టి, పైన గుర్తు అతికించి ఇస్తుంది. ఫొటో లోపలే ఉంటుంది, రెండుసార్లు క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది కూడా. ఫామ్ మీద మాత్రం కనిపించదు. సెట్టింగులు మార్చి దీన్ని సరిచేద్దామని కూర్చోకండి. ఈ రోజు ఒక కంప్యూటర్లో కుదిరినా, రేపు విండోస్ మారితే మళ్లీ మొదటికొస్తుంది. ఓఎల్ఈలో ‘లింక్’ అని ఇంకో ఎంపిక కనిపిస్తుంది. దాన్నీ వాడొద్దు. లింక్ పెట్టినా ప్రివ్యూ కోసం ఒక బొమ్మ డేటాబేస్ లోపలే దాచుకుంటుంది.

అటాచ్‌మెంట్ ఫీల్డు యాక్సెస్ 2007తో వచ్చింది, ఏసీసీడీబీ ఫైళ్లలో (అప్పుడే వచ్చిన కొత్త ఫైలు రకం) మాత్రమే ఉంటుంది. ఓఎల్ఈతో పోలిస్తే ఎంతో మేలు. జేపీజీని జేపీజీగానే ఉంచుతుంది, ఫామ్‌లో నేరుగా చూపిస్తుంది, ఒకే రికార్డుకి ఎన్ని ఫొటోలైనా తగిలించొచ్చు. దాన్ని పూర్తిగా తీసిపారేయను. ఏ చిన్న ఆఫీసులోనో వంద మంది సిబ్బంది, ఒక్కొక్కరికి 40 కేబీ పాస్‌పోర్ట్ ఫొటో, డేటాబేస్ ఒకే కంప్యూటర్లో ఉంటుందంటే అటాచ్‌మెంట్ పెట్టుకోమనే చెప్తాను. అంతా ఒకే ఫైల్లో ఉండటం అలాంటి చోట నిజమైన సౌకర్యం.

మీ దగ్గర అలా కాదు. చీరకి నాలుగు ఫొటోలు, ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా చీరకి 12 ఎంబీ. 170 చీరలకి మళ్లీ 2 జీబీ గోడ తగులుతుంది. ఇంకో ఇబ్బంది ఉంది. అటాచ్‌మెంట్ అంటే పైకి ఒక ఫీల్డులా కనిపించినా లోపల అది దాచిపెట్టిన చిన్న టేబుల్. అందుకే మామూలు అపెండ్ క్వెరీతో ఫొటోలని ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పంపలేరు. రేపు డేటాబేస్‌ని ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి (మైక్రోసాఫ్ట్‌దే, ఇంకా పెద్ద డేటాబేస్ ప్రోగ్రామ్) మార్చాలనుకుంటే అక్కడ ఈ రకం ఫీల్డే లేదు. ‘ఇది అంచు ఫొటో, ఇది కొంగు ఫొటో, ముందు దీన్ని చూపించు’ అని చెప్పుకోవడానికి అందులో చోటు కూడా లేదు. చీరల విషయంలో నాకు అన్నిటికంటే పెద్ద లోటు ఇదే అనిపిస్తుంది. కొనేవాళ్లు ముందు చూసేది అంచూ కొంగే కదా.

ఇక టేబుళ్ల దగ్గరికి వద్దాం. చీరల టేబుల్లో ఫొటో1, ఫొటో2, ఫొటో3 అని ఫీల్డులు పెంచుకుంటూ పోవద్దు. ఫొటోలకి విడిగా ఒక టేబుల్ పెట్టండి. అందులో ఇవి చాలు: ఫొటో నంబరు (ఆటోనంబర్), చీర నంబరు (చీరల టేబుల్‌తో కలిపేది), ఫైలు పేరు, చీరలో ఏ భాగం, వరస, తీసిన తేదీ. ‘ఏ భాగం’ అన్నదానికి అంచు, కొంగు, బాడీ, జాకెట్టు ముక్క, పూర్తి చీర అని ఒక చిన్న జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టండి. చేత్తో టైప్ చేయనిస్తే ఒకరు ‘కొంగు’ అంటారు, ఒకరు ‘పల్లూ’ అంటారు, తర్వాత వెతికితే సగం దొరకవు. వరసలో 1 ఉన్న ఫొటోనే జాబితాల్లో ముందు కనిపించే ఫొటో.

ఫైలు పేరు గురించి కాస్త నిదానంగా చదవండి. పేర్లు పెట్టేటప్పుడు అందరికీ ముందుగా తోచేది ‘ఎర్ర నిజాం అంచు కొత్తది’ లాంటి పేరు. అలా వద్దు. ఫైలు పేరులో ఏ అర్థమూ ఉండకూడదు, నంబరు మాత్రమే ఉండాలి. 412వ చీర మొదటి ఫొటో అయితే 00412-01, రెండోది 00412-02, చివర జేపీజీ. ముందు సున్నాలు ఎందుకంటే పేరును అక్షరాలుగా పోల్చి వరస పెట్టే చోట 1000వ చీర 412 కంటే ముందుకొచ్చేస్తుంది. పేరులో రంగు రాశారనుకోండి, రేపు ‘ఇది ఎరుపు కాదు, మెరూన్’ అని సరిదిద్దాల్సి వస్తే టేబుల్లో ఒకసారి, ఫైలు పేరులో ఇంకోసారి మార్చాలి. ఎవరో ఒకరు ఒకచోటే మారుస్తారు. ఫొటో కనిపించడం ఆగిపోతుంది. రంగు, అంచు, భాగం అన్నీ టేబుల్లో రాయండి, అందుకే కదా డేటాబేస్ ఉన్నది.

తెలుగులో పని చేసేవాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. యాక్సెస్ 2000 నుంచి టేబుళ్లలో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) ఉంది, కాబట్టి నేతగాళ్ల పేర్లూ రంగుల పేర్లూ హాయిగా తెలుగులో రాసుకోవచ్చు. కానీ కోడ్ రాసే వీబీఏ ఎడిటర్ ఇంకా ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతిలోనే ఉంది, దానిలో తెలుగు అక్షరాలకి చోటు లేదు. అందులో తెలుగు అతికిస్తే వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. ఫైలు ఉందా లేదా అని చూసే ‘డిర్’ ఫంక్షన్‌కి కూడా తెలుగు పేర్లు అర్థం కావు. ఫోల్డర్‌లో తెలుగు పేరుతో ఫొటో కళ్లెదుటే కనిపిస్తున్నా ‘లేదు’ అంటుంది. ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్ అనే ఇంకో సాధనం వాడితే ఈ బాధ తప్పుతుంది గానీ, అసలు ఫైళ్లకీ ఫోల్డర్లకీ నంబర్లు, ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే వాడితే గొడవే ఉండదు. టేబుళ్ల పేర్లు, ఫీల్డుల పేర్లు కూడా ఇంగ్లిష్‌లోనే పెట్టి, ఫామ్ మీద కనిపించే లేబుళ్లు తెలుగులో రాసుకోండి. కోడ్ నుంచి తెలుగు మెసేజీ చూపించాలంటే ఆ వాక్యాలని ఒక చిన్న టేబుల్లో దాచుకుని, అక్కడి నుంచి చదివించి, మెసేజ్ బాక్స్‌లో కాకుండా ఫామ్ మీద ఒక లేబుల్‌లో చూపించండి. బాగా వస్తుంది.

టేబుల్లో ఫైలు పేరు ఒక్కటే రాయండి, పూర్తి పాత్ (ఫైలు ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా) రాయొద్దు. ఫొటోలున్న ఫోల్డర్ పాత్ సెట్టింగుల టేబుల్లో ఒకే ఒక్క రికార్డుగా ఉండాలి. చూపించేటప్పుడు రెండింటినీ కలపాలి. రేపు ఫొటోలని కొత్త హార్డ్ డిస్కులోకి మారిస్తే ఆ ఒక్క రికార్డు మారుస్తారు, అంతే. మీకు రెండు కంప్యూటర్లున్నాయి కాబట్టి ఆ పాత్ డ్రైవ్ అక్షరంతో మొదలవకూడదు. ఒక కంప్యూటర్లో జెడ్ డ్రైవ్ అయినది ఇంకోదానిలో వై డ్రైవ్ కావచ్చు. రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, షేర్ చేసిన ఫోల్డర్ పేరు, ఇలా నెట్‌వర్క్ పాత్ రాయండి.

చూపించడం ఇప్పుడు చాలా తేలిక. యాక్సెస్ 2007 నుంచి ఇమేజ్ కంట్రోల్‌కి (ఫామ్ మీద ఫొటో చూపించే డబ్బా) ‘కంట్రోల్ సోర్స్’ అనే ప్రాపర్టీ వచ్చింది. 2003 వరకు అది లేదు, ఫామ్ ‘కరెంట్’ ఈవెంట్‌లో (ఒక రికార్డు నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడల్లా జరిగేది) కోడ్ రాసి పిక్చర్ ప్రాపర్టీ మార్చాల్సి వచ్చేది. నెట్‌లో మీరు చూసిన పాత సలహాలన్నీ ఆ కాలానివి. ఆ కోడ్‌ని కంటిన్యువస్ ఫామ్‌లో (రికార్డులు వరసలుగా ఒకేసారి కనిపించే ఫామ్) పెడితే అన్ని వరసల్లోనూ ఒకే చీర ఫొటో కనిపిస్తుంది. కంట్రోల్ సోర్స్‌లో పాత్ ఇస్తే ఏ వరసకి ఆ వరస ఫొటో వస్తుంది.

నేనైతే క్వెరీలో ఒక లెక్కించే కాలమ్ పెడతాను. అది ఒక చిన్న ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ ఫంక్షన్ చేసేది మూడు పనులు. ఫైలు పేరు ఖాళీగా ఉంటే ‘ఫొటో లేదు’ అని రాసి ఉన్న బొమ్మ పాత్ ఇస్తుంది. పేరు ఉండీ ఫోల్డర్‌లో ఫైలు లేకపోతే ‘ఫైలు దొరకలేదు’ అని రాసి ఉన్న ఇంకో బొమ్మ ఇస్తుంది. రెండూ ఉంటే అసలు పాత్ ఇస్తుంది. ఈ రెండు బొమ్మలూ వేర్వేరుగా ఉండటం చాలా ముఖ్యం. మొదటిది ఇంకా చేయాల్సిన పని, రెండోది ఎక్కడో తేడా జరిగిందన్న హెచ్చరిక. రెండింటికీ ఖాళీ డబ్బా చూపిస్తే ఏది ఏదో మీకు ఎప్పటికీ తెలియదు. ఫోల్డర్ పాత్‌ని ప్రతి వరసకీ టేబుల్ నుంచి మళ్లీ మళ్లీ చదివించకుండా, ఫామ్ తెరిచినప్పుడు ఒకసారి చదివి గుర్తుపెట్టుకునేలా రాయండి. నెట్‌వర్క్‌లో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇమేజ్ కంట్రోల్‌లో ‘సైజ్ మోడ్’ని జూమ్‌లో ఉంచండి. స్ట్రెచ్ పెడితే అంచు లావుగానో సన్నగానో సాగిపోతుంది. చీరల వ్యాపారంలో అది అబద్ధం చెప్పినట్టే. క్లిప్ పెడితే ఫొటోలో కొంత భాగం మాత్రమే కనిపిస్తుంది.

ఇప్పుడు ఫొటో పరిమాణం. 36 ఎంబీ లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఫైలు డిస్కులో 3 ఎంబీయే అయినా, తెర మీద చూపించాలంటే దాన్ని మెమరీలో పూర్తిగా విప్పాలి. కంటిన్యువస్ ఫామ్‌లో పదిహేను వరసలు కనిపిస్తుంటే పదిహేను ఫొటోలు విప్పాలి. స్క్రోల్ చేసినప్పుడు ఫామ్ ఆగి ఆగి కదులుతుంది. అందుకే ప్రతి ఫొటోకీ మూడు కాపీలు మూడు ఫోల్డర్లలో, ఒకే పేరుతో ఉంచండి. ఒకటి ఫోన్ నుంచి వచ్చిన అసలు ఫొటో, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది పొడవైన వైపు 1200 పిక్సెళ్లకి తగ్గించినది, ఫామ్‌కీ ప్రింట్‌కీ. మూడోది 200 పిక్సెళ్ల చిన్న బొమ్మ, జాబితాలకి. 1200 ఎందుకంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీస్తే అది 10 సెంటీమీటర్లు వస్తుంది. మీ కేటలాగ్‌లో పేజీకి నాలుగు చీరలు వేస్తానన్నారు కాబట్టి అంతకంటే అక్కర్లేదు.

ఈ తగ్గించే పని చేత్తో చేయొద్దు. విండోస్ విస్టా నుంచి ప్రతి విండోస్‌లోనూ విండోస్ ఇమేజ్ అక్విజిషన్ అనే లైబ్రరీ ఉంది, దాన్ని డబ్ల్యూఐఏ అంటారు. వీబీఏ నుంచి నేరుగా పిలవొచ్చు, కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. దాని ‘ఇమేజ్ ఫైల్’తో ఫొటో తెరిచి, ‘ఇమేజ్ ప్రాసెస్’కి స్కేల్ ఫిల్టర్ తగిలించి, గరిష్ఠ వెడల్పు, గరిష్ఠ ఎత్తు రెండింటికీ 1200 ఇస్తే నిష్పత్తి చెడకుండా తగ్గిస్తుంది. చివర కన్వర్ట్ ఫిల్టర్ పెట్టి జేపీజీగా సేవ్ అయ్యేలా చూడండి. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే సేవ్ చేయకుండా ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ని దాటించేసే కోడ్ రాయకండి. ఒక ఫొటో మీద ఇంకో ఫొటో పడకుండా అది కాపలా కాస్తోంది.

నిలువుగా తీసిన ఫొటోలు కొన్ని ఫామ్‌లో పక్కకి పడుకుని కనిపిస్తాయి, ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఫోన్ ఫొటోని తిప్పి దాచదు. ఎలా పట్టుకుని తీశారో ఫైలు లోపల ఎగ్జిఫ్ సమాచారంలో (ఫొటోతో పాటు కెమెరా రాసే వివరాలు) ఒక నంబరుగా రాసి వదిలేస్తుంది. ఫోన్‌లోని గ్యాలరీ ఆ నంబరు చదివి తిప్పి చూపిస్తుంది, యాక్సెస్ ఇమేజ్ కంట్రోల్ దాన్ని పట్టించుకోదు. ఆ సమాచారం 274 అనే ట్యాగులో ఉంటుంది. 1 అంటే నిటారు, 6 అంటే కుడివైపుకి 90 డిగ్రీలు తిప్పాలి, 3 అంటే 180, 8 అంటే 270. డబ్ల్యూఐఏలోనే రొటేట్ ఫిల్టర్ ఉంది కాబట్టి, సైజు తగ్గించేటప్పుడే ఈ ట్యాగు చదివి తిప్పించేయండి. తిప్పాక కాపీలో ఆ ట్యాగుని 1 చేయడం మర్చిపోవద్దు. లేకపోతే ఆ కాపీని వాట్సాప్‌లో పంపినప్పుడు అవతలి ఫోన్ దాన్ని ఇంకోసారి తిప్పుతుంది.

ఐఫోన్‌తో ఎవరైనా ఫొటోలు పంపితే హెచ్‌ఈఐసీ ఫైళ్లు రావచ్చు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఆ రూపంలో దాచుకుంటున్నాయి. యాక్సెస్ దాన్ని చూపించదు. ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, అందులో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకోమనండి, జేపీజీ వస్తుంది. నేతగాళ్లు వాట్సాప్‌లో పంపే ఫొటోలైతే ‘డాక్యుమెంట్’గా పంపమని చెప్పండి. మామూలుగా పంపితే వాట్సాప్ బాగా కుదించేస్తుంది, జరీ గీతలు అలుక్కుపోతాయి. డేటాబేస్‌తో సంబంధం లేని మాటే అయినా ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ట్యూబ్ లైట్ కింద తీయకండి. పొద్దున పూట వరండాలో, ఎండ నేరుగా పడని చోట తీయండి. ఫొటో మూలలో ఒక తెల్ల కాగితం కనిపించేలా పెట్టుకుంటే రంగు ఎంత మారిందో తర్వాత పోల్చి సరిదిద్దుకోవచ్చు. ‘ఫొటోలో ఒక రంగు, వచ్చిన చీర ఒక రంగు’ అని వాపసు వచ్చే చీరలు దీంతో చాలా తగ్గుతాయి.

కొత్త ఫొటో చేర్చడానికి ఫామ్ మీద ఒక బటన్ పెట్టండి. అది నొక్కితే ఫైల్ డయలాగ్ తెరుచుకుంటుంది, వాళ్లు ఫొటో ఎంచుకుంటారు. కోడ్ ఆ చీరకి తర్వాతి నంబరు లెక్కగట్టి, ఆ పేరుతో అసలు ఫొటోని కాపీ చేసి, మిగతా రెండు కాపీలు తయారుచేసి, అన్నీ అయ్యాక మాత్రమే ఫొటోల టేబుల్లో రికార్డు రాయాలి. ఈ వరస తప్పకూడదు. రికార్డు ముందు రాసేసి, మధ్యలో కరెంటు పోతే పేరు ఉండి ఫొటో లేని రికార్డు మిగులుతుంది. ఫొటో ఉండి రికార్డు లేకపోవడం వల్ల నష్టం లేదు, మళ్లీ చేర్చుకోవచ్చు. పనివాళ్లు ఎవరూ ఆ ఫోల్డర్‌లోకి నేరుగా వెళ్లి ఫైళ్లు పెట్టడం, పేర్లు మార్చడం చేయకూడదు. బటన్ ఒక్కటే దారి.

దీనికోసమే ఫోల్డర్ పర్మిషన్ల సంగతి కూడా చూసుకోండి. డేటాబేస్‌కి పాస్‌వర్డ్ పెట్టినా అది ఏసీసీడీబీ ఫైలుకే వర్తిస్తుంది, ఫొటోల ఫోల్డర్‌కి కాదు. బటన్ పని కూడా విండోస్‌లో లాగిన్ అయిన మనిషి హక్కులతోనే నడుస్తుంది. కాబట్టి ఫొటోలు చేర్చే పని ఒకరికే అప్పగించి, రాసే హక్కు వాళ్లకే ఇచ్చి, కౌంటర్‌లో కూర్చునేవాళ్లకి చదివే హక్కు మాత్రం ఇవ్వండి. అసలు ఫొటోల ఫోల్డర్ వాళ్లకి కనిపించనే అక్కర్లేదు. మీ వ్యాపారంలో కొత్త డిజైన్ ఫొటో బయటికి పోతే ఎంత నష్టమో మీకు తెలిసిందే.

ఇప్పటికే లోపల ఇరుక్కున్న ఫొటోల గురించి టెన్షన్ పడకండి. ఫోన్‌లో అసలువి ఉంటే అవే తీసుకోండి, అవి బిట్‌మ్యాప్ కంటే ఏ రకంగానూ తక్కువ కావు. ఫోన్‌లో లేనివి మాత్రం ఒక్కొక్కటి రెండుసార్లు క్లిక్ చేసి తెరవండి. పెయింట్‌లో అతికించినవి పెయింట్‌లోనే తెరుచుకుంటాయి, అక్కడ జేపీజీగా సేవ్ చేసుకోవచ్చు. ప్యాకేజ్ అయినవి కూడా తెరిచి బయట సేవ్ చేసుకోవచ్చు. అన్నీ బయటికి వచ్చాయని సరిచూసుకున్నాక, డేటాబేస్‌ని ఇంకో చోట కాపీ పెట్టుకుని, ఆ ఓఎల్ఈ ఫీల్డుని తొలగించండి. ఫైలు పరిమాణం వెంటనే తగ్గదు. యాక్సెస్ తనంతట తాను ఖాళీ జాగాని వదలదు. ‘కాంపాక్ట్ అండ్ రిపేర్’ నడపాలి. అది కొత్త ఫైలు తయారుచేసి పాతదాని స్థానంలో పెడుతుంది కాబట్టి డిస్కులో తగినంత ఖాళీ ఉండాలి. నిండిపోయిన ఫైల్లో ఫీల్డు తొలగించడమే కుదరకపోతే, ఖాళీ డేటాబేస్ ఒకటి కొత్తగా తెరిచి, అందులో ఫొటో ఫీల్డు లేకుండా టేబుల్ చేసుకుని, పాత ఫైలుకి లింక్ పెట్టి అపెండ్ క్వెరీతో మిగతా ఫీల్డులు తెచ్చుకోండి. 2 జీబీ ఫైలు కొన్ని ఎంబీలకి దిగుతుంది.

అదే సమయంలో ఇంకో సెట్టింగు కూడా చూడండి. ఫైల్, ఆప్షన్స్, కరెంట్ డేటాబేస్‌లో ‘పిక్చర్ ప్రాపర్టీ స్టోరేజ్ ఫార్మాట్’ అని ఉంటుంది. మీ దుకాణం లోగో లాంటివి ఫామ్‌లోనే పొందుపరిచినప్పుడు, ఇది ‘బిట్‌మ్యాప్‌గా మార్చు’ మీద ఉంటే అవీ ఉబ్బుతాయి. ‘అసలు రూపాన్నే ఉంచు’ అన్నదానికి మార్చండి. పాత ఎండీబీ రకం ఫైళ్ల నుంచి మార్చుకున్న డేటాబేసుల్లో ఇది పాత ఎంపిక మీదే ఉండిపోవడం చాలాచోట్ల చూశాను.

కేటలాగ్ ప్రింట్ రిపోర్టుతో తీయండి. పేజ్ సెటప్‌లో రెండు కాలమ్‌లు, డీటెయిల్ సెక్షన్‌లో 1200 పిక్సెళ్ల ఫొటోకి కట్టిన ఇమేజ్ కంట్రోల్, కింద చీర నంబరు, ధర. ప్రధాన ఫొటో పక్కన కొంగు, అంచు ఫొటోలు కూడా కావాలంటే ఫొటోల టేబుల్ మీద ఒక సబ్‌రిపోర్టు తయారుచేసి, చీర నంబరుతో కలిపి, వరస ప్రకారం చూపించండి. భాగాన్ని టేబుల్లో విడిగా రాయమన్నది ఇందుకే. ‘కొంగు ఫొటోలు మాత్రమే వేయి’ అనడం ఒక క్వెరీ షరతు అవుతుంది. పాత సలహాల ప్రకారం ‘ఫార్మాట్’ ఈవెంట్‌లో కోడ్ రాస్తే ప్రింట్ ప్రివ్యూలో ఫొటోలు వచ్చి, రిపోర్ట్ వ్యూలో రావు. ఆ వ్యూలో ఆ ఈవెంట్ జరగదు. కంట్రోల్ సోర్స్ పద్ధతిలో ఈ తేడా ఉండదు.

రెండు కంప్యూటర్లలో వాడేటప్పుడు డేటాబేస్‌ని రెండుగా విడదీయండి. టేబుళ్లు ఉన్న బ్యాక్ ఎండ్ ఒక్కటే, ఫొటోలున్న కంప్యూటర్లోనే. ఫామ్‌లు, రిపోర్టులు ఉన్న ఫ్రంట్ ఎండ్ ప్రతి కంప్యూటర్లో విడివిడిగా. ఇద్దరూ ఒకే ఫైలుని నెట్‌వర్క్ మీద తెరిచి పని చేస్తే ఎప్పుడో ఒకప్పుడు ఫైలు పాడవుతుంది. ఫ్రంట్ ఎండ్ ఉన్న ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌గా (యాక్సెస్ నమ్మే ఫోల్డర్‌గా) పెట్టకపోతే కోడ్ నడవదు, ఫొటోలూ రావు. రెండో కంప్యూటర్లో ‘ఫొటోలు రావట్లేదు’ అంటే ముందు చూడాల్సింది ఇదే.

ఈ పద్ధతిలో ఒక బాధ్యత పెరుగుతుంది, అది దాచను. బ్యాకప్ ఇప్పుడు ఒక ఫైలు కాదు, ఒక ఫైలూ ఒక ఫోల్డరూ. డేటాబేస్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఫొటోలు వదిలేసినవాళ్లు హార్డ్ డిస్కు పోయిన రోజున ఖాళీ పేర్ల జాబితాతో మిగిలారు. తీసుకునే వరస కూడా ముఖ్యం. ముందు డేటాబేస్ కాపీ చేయండి, తర్వాత ఫొటోలు. ఫొటోలు ఎప్పుడూ రికార్డు కంటే ముందే ఫోల్డర్‌లోకి చేరుతున్నాయి కాబట్టి, ఈ వరసలో తీస్తే బ్యాకప్‌లోని ప్రతి పేరుకీ ఫొటో తప్పకుండా ఉంటుంది. తిరగేసి చేస్తే, మధ్యలో చేరిన చీరలకి పేర్లు ఉండి ఫొటోలు ఉండవు. అమ్ముడైపోయిన చీరల ఫొటోలు చెరిపేయొద్దు, చీర రికార్డులో ‘అమ్ముడైంది’ అని గుర్తు పెట్టండి చాలు. అదే డిజైన్ మళ్లీ నేయించమని అడిగేవాళ్లు వస్తారు.

నెలకోసారి నడపడానికి ఒక తనిఖీ బటన్ కూడా రాసుకోండి. టేబుల్లో ఉన్న ప్రతి పేరుకీ మూడు ఫోల్డర్లలోనూ ఫైలు ఉందా, ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలుకీ టేబుల్లో రికార్డు ఉందా, రెండు వైపులా చూసి తేడాలని ఒక టేబుల్లో రాయాలి. 1200, 200 పిక్సెళ్ల కాపీలు లేకపోతే అసలు నుంచి మళ్లీ తయారుచేసేలా కోడ్‌లోనే పెట్టొచ్చు.

‘ఫొటోలు డేటాబేస్‌లో పెట్టడమే పద్ధతి’ అని మీ మిత్రుడు అన్నారని రాశారు. ఆయన మాట పూర్తిగా తప్పేమీ కాదు, కాకపోతే అది పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 2006లో ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద ఇదే ప్రశ్న పరీక్షించింది. 256 కేబీ లోపు ఉన్నవి డేటాబేస్‌లో మేలు, 1 ఎంబీ దాటినవి ఫైల్ సిస్టమ్‌లో మేలు అని తేలింది. మీ అసలు ఫొటోలు 3 ఎంబీ పైన ఉన్నాయి. పైగా యాక్సెస్‌కి 2 జీబీ హద్దు ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి అలాంటి ఇరుకు లేదు. రేపు మీరు దానికి మారినా ఈ టేబుళ్లు, ఈ ఫోల్డర్లు యథాతథంగా పనికొస్తాయి. లిబ్రేఆఫీస్ బేస్ అనే ఉచిత డేటాబేస్ ప్రోగ్రామ్‌కి వెళ్లాలనుకున్నా అంతే. అక్కడ కూడా ఇమేజ్ కంట్రోల్‌ని టెక్స్ట్ ఫీల్డుకి కట్టి పాత్ నుంచి ఫొటో చూపించొచ్చు.

మొదలుపెట్టేటప్పుడు అన్ని చీరలూ ఒకేసారి ఎక్కించకండి. పది చీరలు, ఒక్కోదానికి నాలుగు ఫొటోలు పెట్టి, రెండు కంప్యూటర్లలోనూ తెరిచి, ఒక పేజీ కేటలాగ్ ప్రింట్ తీయండి. తర్వాత ఫొటోల ఫోల్డర్ పేరు కావాలనే మార్చి, ‘ఫైలు దొరకలేదు’ బొమ్మ వస్తుందో లేదో చూడండి. సెట్టింగుల టేబుల్లో ఆ ఒక్క పాత్ సరిచేయగానే అన్నీ తిరిగి కనిపిస్తే, మిగతా చీరలు ఎక్కించడం మొదలుపెట్టొచ్చు.